ముసలి గుఱ్ఱపు చెలిమి

గుఱ్ఱమునకు 20 ఏండ్లు దాటినచో వార్ధక్యము వచ్చినట్లే. పండ్లరిగి గడ్డి నమలుట కష్టమగును. దాణా నానబెట్టి పెట్టవలెను. కీళ్లు బిగుసుకొనకుండ దినమునకు కొంత దూరము నడిపింపవలెను. సవారి తగ్గిన జంతువునకు ఇంత చాకిరి యెందుకని లెక్కలు తెలిసినవారు అడుగుదురు.

వెల్లింగ్టన్ ప్రభువు అట్లు లెక్కింపలేదు. 1808లో పుట్టిన కోపెన్‌హేగన్ అను గుఱ్ఱముపై ఆయన 1815 జూన్ 18న వాటర్లూ రణరంగమున పగలంతయు తిరిగెను. రాత్రి దిగి వీపు తట్టగా అది వెనుకకాలు విసరెను. తగులకపోవుట ఆయన అదృష్టము! అంతటి పొగరుబోతు, ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫీల్డ్‌సే పచ్చికబయలు చేరిన పిమ్మట, ఆడవారు చేతితో పెట్టు రొట్టెముక్కలకు అలవాటుపడెను. ప్రభుపత్ని దాని వెండ్రుకలతో అల్లిన కంకణము ధరించెడిది. యుద్ధము దాని ధైర్యమును చూపెను గాని, చెలిమి దక్కినది ఈ తీరిక యేండ్లలోనే.

1836 ఫిబ్రవరి 12న, 28వ యేట, అది మరణింపగా సైనిక లాంఛనములతో పాతిపెట్టిరి. తరువాత కొందరు దాని యెముకలను ప్రదర్శనశాలకు ఇమ్మని కోరిరి. తన గుఱ్ఱమును తన తోటలో ఎచ్చట పాతిరో తనకు సరిగా తెలియదని ప్రభువు బదులు చెప్పెను.