మారియో రెండో ఆట

పిల్లలూ, టోపీ పెట్టుకుని ఎగిరెగిరి దూకే మీసాల మారియోను మీరెరుగుదురు గదా? వాడి ఆట "సూపర్ మారియో బ్రదర్స్" 1985లో జపానులో పుట్టింది. నింటెండో కంపెనీలో మియమోటో షిగేరు, ఆయన తోటివారూ కలిసి దాన్ని తయారుచేశారు. ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఈనాడు ఫోనులో తీసే ఒక్క ఫోటోకే అంతకు ఎన్నో రెట్లు చోటు కావాలి! చోటు చాలక, ఆకాశంలో మబ్బుకూ నేలమీద పొదకూ ఒకే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు.

అయితే, బడిపంతులుగా పనిచేసిన నాకు ముచ్చట వేసినది వేరే వుంది. ఈ ఆట నోరు విప్పకుండా పాఠం చెబుతుంది. మొదట మారియో తెరకు ఎడమ పక్కన నిలబడి వుంటాడు. కుడివైపంతా ఖాళీ. ఎటు పోవాలో ఒకరు చెప్పనక్కరలేదు. నాలుగడుగులు వెయ్యగానే గూంబా అనే జీవి ఎదురువస్తుంది. ఊరుకుంటే మారియో పని అయిపోతుంది. పోతేనేం, ఆట అప్పుడేగా మొదలయింది! రెండోసారి మీరే దూకుతారు. దాని నెత్తిన పడితే అదే అణిగిపోతుంది. తరవాత ప్రశ్నగుర్తు వున్న పెట్టెను తలతో పొడిస్తే ఒక పుట్టగొడుగు బయటపడి, జారుకుంటూ పోయి, గొట్టానికి కొట్టుకుని మీ మీదికే తిరిగివస్తుంది. భయపడి ఎగిరారో, పైన ఇటుకలు తగిలి, దానిమీదే పడతారు. తీరా చూస్తే, మారియో పెద్దవాడవుతాడు!

1986లో జపానులో రెండో ఆట వచ్చింది. బొమ్మలు దాదాపు పాతవే. కాని మొదటి అంకంలోనే పెట్టెలోంచి విషపు పుట్టగొడుగు వస్తుంది. దగ్గరి దారి గదా అని గొట్టంలో దూరితే, ఒకచోట మూడో లోకం నుంచి మళ్ళీ మొదటి లోకానికి పోయి పడతాం.

ఇది చూసి నాకు కోపం వచ్చింది. చెప్పిన పాఠాన్నే ఉచ్చుగా పన్నటం న్యాయమా? నేను కూడా ఒకసారి తొమ్మిదో తరగతికి గడ్డు లెక్కల పత్రం ఇచ్చి, పిల్లలు కలాలు కింద పెట్టేస్తే మురిసిపోయాను. ఈనాటికీ అది నన్ను బాధిస్తుంది. అయితే మా మనవడు ఆ పుట్టగొడుగుకు మూడుసార్లు బలి అయి, నాలుగోసారి, "తాతయ్యా, దీని రంగు వేరు!" అని కేకపెట్టాడు. నిజమే, రంగు వేరు. మొదటి ఆటలో ఆరితేరినవాళ్ళ కోసమే ఈ రెండో ఆట చేశారు. నా పత్రం మాత్రం అప్పుడే లెక్క నేర్చుకుంటున్న పిల్లలకు ఇచ్చాను.

నింటెండో వారి అమెరికా శాఖకు ఇది మరీ కష్టమనిపించింది. అందుకని "డోకి డోకి పానిక్" అనే వేరే ఆటలో తలలు మార్చి, మారియోనూ వాడి వాళ్ళనూ పెట్టి, 1988లో అదే రెండో ఆటగా అక్కడ విడుదల చేశారు. ఇందులో నెత్తిన దూకితే శత్రువు చావడు. వాడి మీద నిలబడి ఊరేగవచ్చు. నేలలోంచి కూరగాయలు పీకి విసరాలి. పాతదాన్ని పోలనే పోలదు, అయినా మా ఇంట్లో నవ్వులన్నీ దీనికే.

ఇది 1992లో జపాను చేరింది. కష్టమని పక్కన పెట్టినది, 1993లో మరి కొన్ని మారియో ఆటలతో కలిసి, అమెరికా చేరింది.