నరికితే చావని సర్కారు తుమ్మ

పల్నాడు జిల్లాలోని క్రోసూరు మిరప, ప్రత్తి పండు ప్రాంతము. ఇటువంటి ఊళ్ళ బీళ్ళలోను, చెరువుకట్టల మీదను, దారుల ప్రక్కను అల్లుకొనియుండు ముళ్ళచెట్టు సర్కారు తుమ్మ. ఎన్నిమార్లు నరికినను అది మరింత గుబురుగా లేచును. ఇందుకు కారణమేమి?

ఈ చెట్టు మన దేశపుది కాదు; అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములది. 1877లో మదరాసు అటవీశాఖవారు జమైకా నుండి విత్తనములు తెప్పించి కడప జిల్లా కమలాపురమున నాటించిరి. వంటచెరకు కొరత తీర్చుట వారి ఉద్దేశము. ఆ కొరత కొంత తీరినది. కాని చెట్టు నాటినచోట నిలువలేదు.

దీని కాయలు తియ్యనివి. మేకలు, పశువులు వానిని ఇష్టముగా తినును. గింజ పెంకు మిక్కిలి గట్టిది. జీర్ణాశయములో ఆ పెంకు మెత్తబడి, గింజ పేడతో బయటపడి, ఆ ఎరువులోనే మొలచును. ఆకును మాత్రము మేక కూడ సాధారణముగా ముట్టదు. విత్తునది పశువే, మొలకను మేసి అదుపుచేయునది లేదు.

రాలిన ఆకులలోని కొన్ని రసాయనములు ఇతర గింజల మొలకను అడ్డగించును. దట్టమైన నీడ గడ్డిని అణచును. దీనికి దగ్గరి చుట్టమైన మన జమ్మిచెట్టు ఇట్టిది కాదు. రాజస్థానములో రైతులు పొలములందే జమ్మిని నిలిపి, దాని క్రింద సజ్జ పండింతురు. ఒకే ప్రజాతిగా లెక్కింపబడిన ఈ రెండింటిని 2022లో శాస్త్రజ్ఞులు వేరుచేసి, సర్కారు తుమ్మను ‘నెల్టుమా’ ప్రజాతిలో చేర్చిరి.

ఇక నరుకుట సంగతి. కాండపు అడుగున, నేలలోపల నిద్రాణముగా మొగ్గలుండును. పైన నరికినచో అవి మేల్కొని, ఒక్క మొదలునకు బదులు పెక్కు కొమ్మలు లేచును. కావున వాన పడి నేల మెత్తబడినప్పుడు మొదలుచుట్టు త్రవ్వి, మొగ్గలున్న భాగముతో సహా పెకలించవలెను.

అంతటితో పని ముగియదు. నేలలో గింజలు మిగిలియుండును గనుక కొన్ని యేండ్లు ప్రతి వానకాలమున మొలకలను పీకవలెను. ఖాళీయైన నేలలో వెంటనే నల్లతుమ్మ, జమ్మి, వేప, కానుగ, రేగు నాటవలెను. ఈ కట్టెలను, బొగ్గును నమ్ముకొని బ్రతుకు పేదలున్నారు. కావున ఒక్కమారుగా గాక కొంత కొంతగా తీయుచు, ఆ స్థలమున వంటచెరకునిచ్చు దేశీయవృక్షములను పెంచుట న్యాయము.

ఉపాధ్యాయులు విద్యార్థులను బీటికి తీసికొనిపోయి, జమ్మి క్రిందను, సర్కారు తుమ్మ క్రిందను ఒక్కొక్క చదరపు గజములో ఎన్ని రకముల మొక్కలున్నవో లెక్కింపజేయవచ్చును. అడవిని తిరిగి నిలుపుట ఎందుకో ఆ రెండు అంకెలే తెలుపును.