‘పిస్తుల్య’: అవార్డుల జాబితాలో తెలుగు ఎందుకుంది?

58వ జాతీయ చలనచిత్ర పురస్కారాల జాబితాలో, నాన్ ఫీచర్ విభాగంలో, దర్శకుడి ఉత్తమ తొలి చిత్రంగా ‘పిస్తుల్య’ పేరు ఉంటుంది. దర్శకుడు నాగరాజ్ మంజులే. భాష అన్నచోట మరాఠీతో పాటు తెలుగు అని ఉంటుంది. పదిహేను నిమిషాల సినిమా. సోలాపూర్ జిల్లా జేవూర్‌కు చెందిన మంజులే అహ్మద్‌నగర్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతూ, కోర్సులో భాగంగా తీసింది. మరి అందులోకి తెలుగు ఎలా వచ్చింది?

మంజులే పుట్టింది వడార్ కులంలో. మన వడ్డెరలే. రాళ్ళు కొట్టే పని, బావులు తవ్వే పని వెతుక్కుంటూ తరాల కిందట మరాఠీ నేలకు చేరినవాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునే వడారీ తెలుగు నుంచి వచ్చిన మాటే. మహారాష్ట్రలో వాళ్ళు విముక్త జాతి, కర్ణాటకలో ఎస్సీ, మన రెండు రాష్ట్రాల్లో బీసీ-ఏ. కొట్టేది మాత్రం అన్నిచోట్లా అదే రాయి.

కథ చిన్నది. బడికి పోవాలని ఆశపడే పిల్లవాడు, వాణ్ణి దొంగతనంలోకి నెట్టే పేదరికం. మా హాస్టల్లో ఈ సినిమా వేసినప్పుడు అందరూ కదిలిపోయారు. లైట్లు వెలిగాక ఒక జూనియర్ అడిగాడు: “వాళ్ళింట్లో చదువు విలువ తెలియదా అన్నా?” నాకు కోపం రాలేదు. ఫెస్టివల్ హాళ్ళలో ఇలాంటి సినిమాలకు దొరికే జాలి కూడా చాలాసార్లు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. పేదరికం కనిపిస్తుంది, పిల్లవాడి కళ్ళు కనిపిస్తాయి, కులం కనిపించదు.

ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లో లేదు, చట్టంలో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరజాతుల చట్టం తెచ్చింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. దొంగతనం చేసినా చేయకపోయినా ఫలానా కులంలో పుడితే పోలీసుల రిజిస్టర్లో పేరు, రోజూ హాజరు. మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఎరుకలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయింది గానీ దాని స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి. జైలు మాన్యువళ్ళలో ఈ జాతుల పేర్లు అలాగే ఉండిపోయాయి. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న వాటిని కొట్టేసింది. అంటే రద్దయిన డెబ్బై రెండేళ్ళకు! పిస్తుల్య వయసు పిల్లవాడు దొంగగా మారకముందే ఊరు వాణ్ణి దొంగగా చూడటం ఇక్కడి నుంచి వచ్చింది.

తెలుగు సినిమాకు ఇది తెలియని సంగతి కాదు. స్టూవర్టుపురం పేరు మీద 1991లో ఒక సినిమా, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చాయి. రెంటిలోనూ మనకు కావలసింది పోలీసు, గజదొంగ. బడి బయట నిలబడ్డ పిల్లవాడి మీద మనవాళ్ళు పదిహేను నిమిషాలు కూడా పెట్టలేదు.

జాతీయ అవార్డు వచ్చాక మంజులే తీసిన మొదటి పెద్ద సినిమా ‘ఫాండ్రీ’. అందులోది పందులు పట్టే కైకాడీ కుటుంబం. కైకాడీలు మన ఎరుకలకు దగ్గరివాళ్ళు. 2013లో ముంబై చిత్రోత్సవంలో దానికి జ్యూరీ గ్రాండ్ ప్రైజ్ వచ్చింది, 2014 ఫిబ్రవరి 14న థియేటర్లకు వెళ్ళింది. చివర్లో జబ్యా విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికి, అంటే చూస్తున్నవాళ్ళ మీదికి వస్తుంది. ‘పిస్తుల్య’ చూసి అయ్యో అన్న ప్రేక్షకుడికి ఈసారి అయ్యో అనే వీలు దొరకదు. అవార్డులు మంజులేకు మరో సినిమా తీసే దారిచ్చాయి, అది తక్కువ సంగతేం కాదు. ఆ దారిని అతను వాడుకున్న తీరు నాకు ఎక్కువ నచ్చుతుంది.

పిస్తుల్యగా నటించిన సూరజ్ పవార్‌ను ‘ఫాండ్రీ’లో జబ్యా స్నేహితుడు పిర్యాగా చూస్తాం. 2016లో వచ్చిన ‘సైరాట్’లోనూ అతనున్నాడు. అక్కడ అతను ఆర్చీ సోదరుడు ప్రిన్స్, పాటిల్ ఇంటి కొడుకు.