మరిగే రాయి

2021వ సంవత్సరం ఏప్రిల్ మాసంలో ఢిల్లీకి ప్రాణవాయువు వందల కిలోమీటర్ల దూరం నుండి రావలసివచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుండి సుమారు 70 టన్నుల ద్రవ ఆక్సిజన్‌తో బయలుదేరిన రైలు ఏప్రిల్ 27న రాజధాని చేరింది. అయితే గాలి ఢిల్లీలోనూ ఉన్నది. అందులో ఐదింట ఒక వంతు ఆక్సిజనే. దానిని ఆసుపత్రి ఆవరణలోనే వేరుచేసే ఉపాయం జియోలైట్ అనే తెల్లని పదార్థంలో ఉన్నది.

1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెడ్ట్ ఒక రాతిని వేడిచేయగా నీటియావిరి వెలువడుతూ అది మరిగినట్లు కనిపించింది. గ్రీకు భాషలో మరుగుట, రాయి అను రెండు మాటలు కలిపి ఆయన ఈ పేరు పెట్టారు. దక్కన్ పీఠభూమిలో సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం లావా నల్లరాయిగా గట్టిపడినప్పుడు గాలిబుడగలు మిగిల్చిన బోలు గదులలో, తరువాత చేరిన నీటి నుండి ఇది స్ఫటికాలుగా పేరుకున్నది. పుణె, నాసిక్ ప్రాంతాల క్వారీలలో తెల్లని, లేత గులాబి గుత్తులుగా దొరుకుతుంది. ఆ నల్లరాతి అంచు మన వికారాబాద్ వరకు వ్యాపించి ఉన్నది. బట్టల సబ్బుపొడిలో కఠినజలాన్ని మెత్తబరచుటకు కలిపేదీ ఈ జాతి పదార్థమే.

ఆక్సిజన్ ప్లాంటులో వాడేది మాత్రం కర్మాగారంలో తయారైన గుళికలు. మేము దీనిని మాలిక్యులర్ సీవ్, అనగా అణువుల జల్లెడ అంటాము. ఇక్కడ ఆ పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు రెండూ ఆ రంధ్రాలలో దూరగలవు. లోపలి సోడియం లేక లిథియం అయాన్లు నైట్రోజన్‌ను ఎక్కువగా పట్టి ఉంచుటయే అసలు కిటుకు. గాలిని పీడనంతో ఒక టవరులోనికి పంపినప్పుడు నైట్రోజన్ గుళికలను అంటుకొంటుంది, ఆక్సిజన్ ముందుకు సాగుతుంది. పీడనం తగ్గించగానే నైట్రోజన్ విడిపోతుంది. ఆ వ్యవధిలో రెండవ టవరు పనిచేస్తుంది. ఆర్గాన్ ఆక్సిజన్‌తోనే వచ్చుట వలన శుద్ధత సుమారు 93 శాతం వద్ద నిలుస్తుంది.

తేజస్ యుద్ధవిమానంలో పైలట్ శ్వాస కొరకు రూపొందించిన ఈ పరిజ్ఞానాన్నే డీఆర్‌డీఓ ఆసుపత్రులకు అనువుగా మలచింది. 2021 మే మాసంలో ఎయిమ్స్ ట్రామా సెంటరు, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రులలో ప్లాంట్లు అమర్చారు. నిమిషానికి 1000 లీటర్ల సామర్థ్యం. ఒక్కొక్కరికి 5 లీటర్ల చొప్పున 190 మందికి సరిపోతుందని అంచనా.

ప్లాంటు నిలబెట్టుట కంటె నిలుపుకొనుట కష్టం. జియోలైట్‌కు నైట్రోజన్ కంటె నీటిపైనే మక్కువ ఎక్కువ. ఢిల్లీ శ్రావణమాసపు తేమ గాలి సరిగా ఆరకుండా టవరులోనికి వెళ్లినదా, గుళికలు నీటినే పట్టుకొని నైట్రోజన్‌ను వదిలివేస్తాయి. కంప్రెసర్ నూనె చేరినా అదే గతి. కాబట్టి రోగులు లేని రోజులలో కూడా యంత్రాన్ని క్రమంగా నడిపి చూడాలి. శుద్ధత 90 శాతం కంటె దిగితే గుళికలు మార్చుటకు తొందరపడక, ముందుగా డ్రయరును, ఫిల్టర్లను పరీక్షించాలి.