డిజిటల్ కెమెరాలో గ్రెయిన్: ముందే తీసుకోవాల్సిన నిర్ణయం

పాత సినిమా చూస్తున్నప్పుడు ఆకాశం మీదో, ఖాళీ గోడ మీదో సన్నని ఇసుక కదులుతున్నట్టు కనిపిస్తుంది. దీన్నే గ్రెయిన్ అంటారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఇది దాదాపు మాయమైంది. ఇప్పుడు కొన్ని కెమెరాలు దాన్ని పనిగట్టుకుని మళ్లీ చిత్రంలో కలుపుతున్నాయి. వదిలిపోయిన లోపాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎందుకు?

ఫిల్మ్ మీది జెలటిన్ పొరలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. వాటి పరిమాణం ఒకే తీరుగా ఉండదు, అమరికకు వరుస ఉండదు. వెలుతురు తగిలిన స్ఫటికాలు డెవలపింగ్‌లో వెండి రేణువులుగా మారతాయి. కలర్ ఫిల్మ్‌లో ఆ వెండిని తొలగించాక రంగు మచ్చలు మిగులుతాయి. సెకనుకు 24 ఫ్రేముల్లో ప్రతిదాని అమరికా వేరు. అందుకే గ్రెయిన్ కదులుతున్నట్టు అనిపిస్తుంది.

డిజిటల్ సెన్సర్‌లో కాంతిని పట్టే పిక్సెళ్లు గళ్ల కాగితంలా వరుసగా, కదలకుండా ఉంటాయి. అయినా అక్కడా హెచ్చుతగ్గులు తప్పవు. ఫోటాన్లు వానచినుకుల్లా పడతాయి. అన్ని పిక్సెళ్లలో సమానంగా పడవు. సగటున 100 ఫోటాన్లు పడే చోట తేడా సుమారు 10, అంటే 10 శాతం. 10,000 పడే చోట తేడా 100, అంటే 1 శాతమే. డిజిటల్ నాయిస్ చీకటి భాగాల్లోనే ఎక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

మితంగా ఉన్న గ్రెయిన్‌తో ప్రయోజనం ఉంది. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. సాయంకాలపు ఆకాశంలో ఆ మెట్లు పట్టీలుగా బయటపడతాయి. సన్నని గ్రెయిన్ ఆ అంచులను చెరిపేస్తుంది.

జర్మనీకి చెందిన ఆరి సంస్థ 2022లో తెచ్చిన అలెక్సా 35 కెమెరాలో 'టెక్స్చర్' అనే అమరికలున్నాయి. గ్రెయిన్ ఎంత ఉండాలి, ఎలా ఉండాలి, సూక్ష్మ వివరాలు ఎంత పదునుగా కనిపించాలి అన్నది వీటితో నిర్ణయిస్తారు. రంగుల 'లుక్'ను తర్వాత మార్చుకోవచ్చు. టెక్స్చర్ అలా కాదు. రా ఫైల్‌తో సహా రికార్డింగ్‌లోనే అది పాలలో నీళ్లలా కలిసిపోతుంది. మరో దారీ ఉంది. 2021 నాటి 'డ్యూన్' చిత్రాన్ని డిజిటల్‌గా తీసి, ఫిల్మ్ మీదికి ఎక్కించి, తిరిగి స్కాన్ చేశారు.

అసలు చిక్కు ప్రేక్షకుడి దగ్గరికి చేరేటప్పుడు వస్తుంది. వీడియో కంప్రెషన్ ముందు ఫ్రేములో ఉన్నదాన్నే మళ్లీ వాడుకుని డేటా ఆదా చేస్తుంది. గ్రెయిన్ ప్రతి ఫ్రేములో కొత్తది కాబట్టి ఆ ఆదా కుదరదు. డేటా చాలనప్పుడు గ్రెయిన్ చెరిగిపోయి, ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. ఏవీ1 పద్ధతిలో దీనికో ఉపాయం ఉంది: గ్రెయిన్‌ను ముందే తీసేసి, దాని లక్షణాలను మాత్రం పంపుతారు; ప్రేక్షకుడి ఫోను లేదా టీవీ దాన్ని తిరిగి సృష్టిస్తుంది. కనిపించేది అలాంటి గ్రెయినే తప్ప అదే గ్రెయిన్ కాదు.

కాబట్టి సినిమాటోగ్రాఫర్ షూటింగ్‌కు ముందే టెస్ట్ షాట్ తీసి పెద్ద తెర మీదా, కంప్రెస్ చేసి ఫోనులోనూ చూసుకోవాలి. షూటింగ్ అయ్యాక ఆ టెక్స్చర్‌ను వెనక్కి తీసుకోలేరు.