ఇసుకకు చేతకానిది బూడిదకెలా వచ్చింది?

"ఇసుకలో ఉన్నదీ సిలికాయే, థర్మల్ బూడిదలో ఉన్నదీ సిలికాయే. బూడిద సిమెంటుతో కలిసి గట్టిపడుతుంటే ఇసుక ఎందుకు కలవదు సార్?" అని ఒక డిప్లొమా విద్యార్థి అడిగాడు. కాంక్రీటు గురించి ఇంత మంచి ప్రశ్న నేను అరుదుగా విన్నాను.

సిమెంటుకు నీళ్ళు తగలగానే రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కంకరనీ ఇసుకనీ పట్టి ఉంచే కాల్షియం సిలికేట్ జిగురు. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసిన సున్నం. గట్టిపడిన సిమెంటు ముద్దలో దాదాపు ఐదో వంతు ఈ సున్నమే. బలానికి అక్కరకు రాదు సరికదా, నీటిలో కరుగుతుంది కూడా. కారుతున్న స్లాబు అడుగున తెల్లగా కట్టే చారలు చూశారుగా, అవి అలా కరిగి బయటికొచ్చి గాలి తగిలి గడ్డకట్టిన సున్నమే. అది ఖాళీ చేసిన చోట మళ్ళీ నీరు దూరుతుంది.

ఇక బూడిద సంగతి. రామగుండంలోనో ఇబ్రహీంపట్నంలోనో పిండిలా నూరిన బొగ్గు బాయిలర్‌లో మండుతుంది. బొగ్గులోని మట్టి కరిగి సన్నటి బిందువులవుతుంది. పొగతోపాటు ఎగురుతూనే అవి చల్లారిపోతాయి. సిలికా తీరుగా పేర్చుకుని స్ఫటికం కావడానికి వ్యవధే ఉండదు. ఎక్కడివక్కడ చిందరవందరగా గాజై బిగుసుకుంటుంది. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే అన్నీ నున్నటి గోళీలు! ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఇసుకలోని క్వార్ట్జ్‌లో పరమాణువులు వరుసగా, గట్టిగా అల్లుకుని ఉంటాయి. సున్నపు నీరు దాన్ని కదిలించలేదు. గాజు అలా కాదు. సున్నంలోని క్షారం గోళీ పైపొరను నెమ్మదిగా కరిగించి సిలికాను విడిపిస్తుంది. ఆ సిలికా కాల్షియంతో కలిసి కొత్త జిగురవుతుంది. పనికిరాని సున్నం తగ్గి, సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయి. విశాఖ లాంటి తీరంలో గాలిలోని ఉప్పు లోపలి ఇనుప చువ్వల దాకా చేరడం కష్టమవుతుంది.

రోమన్లు నేపుల్స్ దగ్గరి అగ్నిపర్వత బూడిదతో, మనవాళ్ళు సున్నంలో కలిపిన ఇటుక పొడితో చేసింది ఇదే. 1937లో కాలిఫోర్నియాలో రేమండ్ డేవిస్ బృందం బొగ్గు బూడిదతోనూ అది సాధ్యమని పరీక్షించి చూపించింది. 1953లో పూర్తయిన మోంటానాలోని హంగ్రీ హార్స్ డ్యాముకు భారీగా వాడారు. ఇప్పుడు మన పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంట్) బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా అదే.

అయితే ఈ పని నిదానంగా సాగుతుంది. బలం పరీక్షకు బూడిద కలిపి పోసిన కాంక్రీటు క్యూబు 28 రోజులకు వెనకబడినా, 90 రోజులకు మామూలు సిమెంటు క్యూబును దాటిపోవచ్చు. అందాకా తడి ఉండాలి. అందుకే మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజుల క్యూరింగ్ చాలంటే, బూడిద కలిసినదానికి 10 రోజులు, మండుటెండల్లో 14 రోజులు అంటుంది. మేస్త్రీ ఏడో రోజుకే నీళ్ళు కొట్టడం మానేస్తే ఆ గోళీలు చాలావరకు గోళీలుగానే ఉండిపోతాయి.