చివరి తేదీ రోజు సర్వర్ ఎందుకు మొరాయిస్తుంది?



స్కాలర్‌షిప్ అయినా, కౌన్సెలింగ్ అయినా, ఉద్యోగ దరఖాస్తు అయినా చివరి తేదీ సాయంత్రం నెట్ సెంటర్‌లో ఎదురుచూసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. డిగ్రీలో ఉండగా నేను ఒక దరఖాస్తుకు ఇలాగే ఫీజు కట్టాను. డబ్బు పోయింది, దరఖాస్తు నంబరు మాత్రం రాలేదు. ఆ డబ్బు మా అమ్మ ఊడ్పులకు వెళ్లి తెచ్చినది. ఆ ఏడాది ఆ అవకాశం కూడా పోయింది. 'సర్వర్ డౌన్' అంటే మన ఖర్మ అని అప్పుడు అనుకున్నాను. ఎంసీఏలో చేరి డేటాబేస్ చదివాక అది ఖర్మ కాదని, దానికి కారణాలుంటాయని, వాటిని వెతికి సరిచేయవచ్చని తెలిసింది. అదే మీకు చెప్పాలని ఈ వ్యాసం.

చదవడం వేరు, రాయడం వేరు

మన హాస్టల్‌లో నోటీసు బోర్డు ఉంది, హాజరు రిజిస్టరు ఉంది. నోటీసును వందమంది ఒకేసారి చదవవచ్చు. గుంపు ఎక్కువైతే అదే కాగితం ఇంకో వరండాలో అంటిస్తే సరిపోతుంది. రిజిస్టరు అలా కాదు. ఒకరు సంతకం పెడుతుంటే మిగిలినవారు ఆగాలి. రెండో ప్రతి పెడితే, రెండింటిలోనూ అందరి సంతకాలు ఉండేలా చూసే పని అదనంగా పడుతుంది.

పరీక్షా ఫలితాల సైటు నోటీసు బోర్డు లాంటిది. ప్రతులు పెంచితే తట్టుకుంటుంది. దరఖాస్తుల సైటు రిజిస్టరు లాంటిది. ప్రతులు పెంచినంత మాత్రాన రాసే వేగం పెరగదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక్క దరఖాస్తు వెనుక ఎంత పని?

మీరు బటన్ నొక్కగానే డేటాబేస్ ముందుగా ఆ వివరాన్ని డిస్క్ మీద చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా చెరిగిపోకుండా ఉండడానికి ఇది అవసరం. తర్వాత త్వరగా వెతకడానికి పెట్టుకున్న ప్రతి ఇండెక్సునూ సవరించాలి. ఐదు ఇండెక్సులుంటే ఐదుచోట్లా పని పెరుగుతుంది.

ఇక మూడోది లాక్. మన కాలువల మీద లాకులు అందరికీ తెలుసు. ఒక పడవ లోపలికి వెళ్లి గేటు పడితే, అది దాటేదాకా వెనక పడవ ఆగాలి. డేటాబేస్‌లోనూ ఇదే పద్ధతి, పేరూ అదే. రాజమండ్రి నుంచి వెళ్లే రైల్లో ఒకే బెర్తును ఇద్దరికి అమ్మకూడదంటే లాక్ ఉండాల్సిందే. అయితే గేటు ఎంతసేపు మూసి ఉంచుతామన్నదే ప్రశ్న.

మా ప్రాజెక్టులో జరిగింది

ఎంసీఏలో మా బృందం ఒక నమోదు సైటు తయారుచేసి క్లౌడ్‌లో పెట్టింది. క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు, అద్దెకు తీసుకునే కంప్యూటరే. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాద్‌లో కూడా ఇలాంటి కేంద్రాలను ప్రారంభించింది.

పదిమందితో పరీక్షిస్తే మా సైటు చక్కగా నడిచింది. ఒక ప్రోగ్రాముతో వేలమంది విద్యార్థులు వచ్చినట్లు నటింపజేస్తే నిలిచిపోయింది. వెంటనే పెద్ద సర్వరు అద్దెకు తీసుకున్నాం. అద్దె పెరిగింది గానీ వేగం పెరగలేదు. అప్పుడు మా మాస్టారు, "ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో చూశారా?" అని అడిగారు. చూస్తే అది దాదాపు ఖాళీగా ఉంది! పని ఎక్కువై కాదు, అన్నీ దేనికోసమో ఎదురుచూస్తూ ఆగిపోయాయన్నమాట.

దేనికోసమో డేటాబేస్‌నే అడిగాం. అన్ని నమోదులూ ఒకే ఒక్క వరుస దగ్గర నిలబడి ఉన్నాయి. క్రమసంఖ్య ఇవ్వడానికి మేమే పెట్టిన వరుస అది. పైగా విద్యార్థికి ఎస్సెమ్మెస్ వెళ్లేదాకా ఆ లాక్ వదలకుండా రాశాం. తప్పు మాదే. ఎస్సెమ్మెస్ పనిని నమోదు పూర్తయ్యాక జరిగేలా మార్చాం. క్రమసంఖ్యకు డేటాబేస్‌లోనే ఉన్న సౌకర్యాన్ని వాడాం. అక్కరలేని ఇండెక్సులు తీసేశాం. మళ్లీ చిన్న సర్వరు మీదే సైటు హాయిగా నడిచింది. కొలవకుండా కొనకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

డిస్క్‌కూ రేషన్ ఉంటుంది

క్లౌడ్‌లో ఇంకో కిటుకు ఉంది. డిస్క్ సెకనుకు ఎన్నిసార్లు చదవాలో, రాయాలో పరిమితి ఉంటుంది. ఉదాహరణకు అమెజాన్ వారి 'జీపీ2' రకం డిస్క్‌లో ఒక్కో గిగాబైటుకు సెకనుకు 3 సార్ల చొప్పున లెక్క. 100 గిగాబైట్ల డిస్క్‌కు 300 అన్నమాట. వాడకుండా పొదుపు చేసుకున్న కోటా ఉంటే 3,000 వరకు ఇస్తుంది. అదే జోరు కొనసాగితే సుమారు అరగంటలో ఆ కోటా అయిపోయి, మళ్లీ 300కు పడిపోతుంది. ఉదయం బాగా నడిచిన సైటు కాసేపటికి ఈడ్చుకుంటూ ఉంటే ఈ లెక్క చూడాలి.

అప్పటికీ చాలకపోతే

తప్పులన్నీ సరిచేసినా చాలకపోతే అప్పుడు విడగొట్టాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచింది. డేటాను కూడా అలాగే పంచవచ్చు. మన రైల్వే ఇది ఏనాడో చేసింది. 'కాన్సర్ట్' అనే రిజర్వేషన్ వ్యవస్థ 1994లో మొదట సికింద్రాబాద్‌లోనే అమలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు దానితో కలిశాయి. ఒక్కో రైలు లెక్క ఒక్కో కేంద్రంలో ఉండేది. టికెట్ మాత్రం ఎక్కడినుంచైనా తీసుకోవచ్చు.

అయితే దేన్నిబట్టి పంచుతున్నామో ఆలోచించాలి. దరఖాస్తులను తేదీలవారీగా పంచితే చివరి రోజు భారమంతా ఒకే భాగం మీద పడుతుంది. దరఖాస్తు నంబరును బట్టి కలగలిపి పంచితే భారం సమంగా సర్దుకుంటుంది.

చివరగా ఒక ముఖ్య విషయం. జవాబు రాకపోతే మనం మళ్లీ నొక్కుతాం. మొదటిది నమోదై, జవాబు ఒక్కటే దారిలో పోయి ఉండవచ్చు. అందుకే ప్రతి దరఖాస్తుకు ముందే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే కొత్తగా రాయకుండా పాత రసీదే చూపేలా సైటు రాయాలి. అప్పుడు ఫీజు రెండుసార్లు పోదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దరఖాస్తును చివరి రోజు దాకా ఉంచకండి. ఫీజు కట్టగానే లావాదేవీ సంఖ్య నోటు పుస్తకంలో రాసుకోండి. మీలో కంప్యూటర్ చదువుకునేవారికి ఇంకొక్క మాట. రేపు ఇలాంటి సైట్లు రాసేది మీరే కావచ్చు. చక్రం తిరుగుతుంటే తెర ముందు కూర్చున్నది మన హాస్టల్ పిల్లలే అనుకుని రాయండి.